దిక్కున్న అనాథలు

యుద్ధం ఆగిపోయిన దేశంలో ఏళ్లు గడిచేకొద్దీ అనాథల సంఖ్య తగ్గుతుంది. అనాథలు తగ్గితే వాళ్ల కోసం పెట్టిన ఆశ్రమాలూ తగ్గాలి. కంబోడియాలో దీనికి పూర్తిగా వ్యతిరేకంగా జరిగింది. 1975 నుంచి 1979 దాకా సాగిన ఖ్మేర్ రూజ్ పాలనలో సుమారు 17 లక్షల మంది చనిపోయారని అంచనా. ఆ తర్వాత కూడా అంతర్యుద్ధం 1990ల చివరిదాకా రగులుతూనే ఉంది. అంత చావు చూసిన చోట అప్పట్లో అనాథాశ్రమాలు వెలిశాయంటే ఎవరూ తప్పుపట్టరు. కానీ దేశం కుదుటపడి, అంగ్‌కోర్ వాట్ చూడడానికి సియెమ్ రీప్‌లో రోజూ విమానాలు దిగుతున్న కాలంలో, 2005కీ 2010కీ మధ్య, ఆశ్రమాలు 75 శాతం పెరిగి 269 అయ్యాయి. వాటిలో ప్రభుత్వం నడిపేవి కొద్దే. మిగిలినవి చాలావరకు విదేశీ విరాళాల మీద బతికేవి; వాటిలో ఎన్నింటికో క్రైస్తవ సంఘాలు, మిషన్లు అండ. కంబోడియా సాంఘిక సంక్షేమ శాఖ, యూనిసెఫ్ కలిసి 2011లో వెలువరించిన అధ్యయనం ఇంకో సంగతి బయటపెట్టింది. ఆ ఆశ్రమాల్లో ఉన్న ప్రతి నలుగురు పిల్లల్లో దాదాపు ముగ్గురికి తల్లో తండ్రో బతికే ఉన్నారు.

మరి వీళ్లు అనాథలెలా అయ్యారు? బిడ్డ ఆశ్రమంలో ఉంటేనే సాయం అందుతుంది, ఇంట్లో ఉంటే అందదు అన్న ఏర్పాటు ఉన్నచోట పేద తల్లి బిడ్డను ఆశ్రమానికే పంపుతుంది. అందుకు ఎవరూ దుర్మార్గులు కానక్కర్లేదు. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో కానుక ఇచ్చిన విశ్వాసి మనసు మంచిదే. ఆశ్రమం నడిపే మిషనరీ చాలాసార్లు తన సుఖం వదులుకుని వచ్చినవాడే. బిడ్డను అప్పగించిన తల్లికి కావలసింది చదువు, మూడు పూటల తిండి. ముగ్గురూ మంచివాళ్లే అయినా, ముగ్గురూ కలిసి ఒక అనాథను తయారుచేస్తారు. కాబట్టి విదేశాల్లోని బాలల గృహాల్లో పరిచర్య చెయ్యాలనుకునే సంఘాలు ముందు డబ్బు వెళ్లే దారి మార్చాలని నా వాదన. భవనానికి వెళ్తున్నది ఇంటికి వెళ్లాలి. ఈ మాట మిషనరీల వ్యతిరేకులు మాత్రమే అంటున్నది కూడా కాదు. గత పదిహేనేళ్లుగా దీన్ని గట్టిగా చెబుతున్నవాళ్లలో క్రైస్తవులే ముందున్నారు.

మొదట లెక్క సరిచూడాలి. ప్రపంచంలో 14 కోట్ల మంది అనాథలున్నారన్న మాట ప్రసంగాల్లో, విరాళాల కరపత్రాల్లో తరచు వినిపిస్తుంది. అది కల్పించిన అంకె కాదు, 2015కి సంబంధించి యూనిసెఫ్ వేసిన అంచనా. అయితే తల్లిదండ్రుల్లో ఏ ఒక్కరు పోయినా ఆ బిడ్డ అందులో చేరిపోతుంది. ఎయిడ్స్ విజృంభించిన రోజుల్లో, సంపాదించే ఒక్కరు పోయినా ఇల్లు కూలిపోతుందన్న ఎరుకతో లెక్క అలా కట్టారు. సహాయ పథకాలకు ఆ లెక్క సరైనదే. ఇద్దరినీ పోగొట్టుకున్నవాళ్లు మాత్రం అందులో కోటీ 51 లక్షలు. వాళ్లలోనూ ఎక్కువమంది అమ్మమ్మ దగ్గరో, మేనమామ దగ్గరో, పెళ్లయిన అక్క దగ్గరో పెరుగుతున్నారు. అంటే 14 కోట్లు అన్నప్పుడు మనం ఊహించుకునే దిక్కులేని బిడ్డ, ఆ లెక్కలో ఉన్న బిడ్డ ఒక్కరే కారు. లెక్కలో ఉన్న బిడ్డకు చాలాసార్లు తల్లి ఉంది, ఆ తల్లికి ఆదాయం లేదు. మొదటి బిడ్డకు గూడు కట్టాలి. రెండో బిడ్డ తల్లికి చేయూత ఇవ్వాలి. ఈ రెండు పనులకూ ఒకే అంకె చూపించి డబ్బు అడగడంతోనే తప్పుదారి మొదలవుతుంది.

ఇది ఎలా జరుగుతుందో నేపాల్‌లో స్పష్టంగా కనిపించింది. 1996 నుంచి 2006 దాకా సాగిన మావోయిస్టు యుద్ధకాలంలో హుమ్లా లాంటి మారుమూల కొండ జిల్లాల్లో తల్లిదండ్రులకు పిల్లల్ని సాయుధ దళాల్లోకి లాక్కుపోతారన్న భయం ఉండేది. దళారులు వచ్చి, ఖాట్మండులో మంచి బడిలో చేర్పిస్తామని చెప్పి, ఆ తల్లిదండ్రుల దగ్గరే డబ్బు తీసుకుని పిల్లల్ని వెంట తీసుకెళ్లారు. నగరం చేరాక కొందరు పిల్లల పేర్లు మారాయి, తల్లిదండ్రులు చనిపోయినట్టు కాగితాలు పుట్టాయి. యుద్ధం ముగిసినా ఆ దారి మూతపడలేదు, ఎందుకంటే అవతలి కొస నుంచి డబ్బు ఆగలేదు. ఆ దేశంలో అప్పట్లో 75 జిల్లాలుండగా, బాలల గృహాల్లో దాదాపు 90 శాతం ఖాట్మండు, పోఖరా, చిత్వన్ లాంటి పర్యాటక ప్రాంతాలున్న ఐదు జిల్లాల్లోనే పోగుపడ్డాయి. పేదరికం ఎక్కువున్న చోట గృహాలు తక్కువ, విదేశీయులు దిగే చోట ఎక్కువ. పిల్లల అవసరాన్ని బట్టి పుట్టిన సంస్థలైతే ఇలా పరుచుకోవు. ఆస్ట్రేలియా న్యాయశాస్త్ర పరిశోధకురాలు కేట్ వాన్ డోర్ నేపాల్‌లో ఒక గృహం స్థాపించినవారిలో ఒకరు. అక్కడి పిల్లలు అనాథలు కారని తెలిశాక ఆమె ఈ విషయం మీదే పరిశోధన చేసి, ఇలాంటివాళ్లను ‘కాగితపు అనాథలు’ అని పిలిచారు.

హైతీలో 2010 జనవరి భూకంపం తర్వాత జరిగింది మరీ బాహాటం. అమెరికాలోని ఐడహో నుంచి ప్రధానంగా వచ్చిన పదిమంది బాప్టిస్టులు 33 మంది పిల్లల్ని బస్సులో ఎక్కించుకుని డొమినికన్ రిపబ్లిక్ సరిహద్దు దాటబోతూ దొరికిపోయారు. ఆ పిల్లలకు తల్లో తండ్రో ఉన్నారని తర్వాత తేలింది. కొందరు తల్లిదండ్రులు, అక్కడైతే చదువు దొరుకుతుందని తామే అప్పగించామన్నారు. ఆ గుంపు అమాయకత్వాన్ని వెక్కిరించడం తేలిక. వాళ్లు చేసినదానికీ, లెటర్‌హెడ్ మీద పద్ధతిగా జరిగేదానికీ మధ్య తేడా ఎంతన్నదే అసలు ప్రశ్న. హైతీలో సుమారు 750 ఆశ్రమాల్లో 30 వేల మంది పిల్లలున్నారని, వాళ్లలో 80 శాతం మందికి తల్లిదండ్రుల్లో కనీసం ఒకరు సజీవంగా ఉన్నారని పిల్లల కోసం పనిచేసే లూమోస్ సంస్థ 2017 నివేదిక చెప్పింది. వాటిలో మూడో వంతు ఆశ్రమాలకే ఏటా 7 కోట్ల డాలర్లు వెళ్తున్నాయని అదే నివేదిక అంచనా కట్టింది. ఆ డబ్బులో ఎక్కువ భాగం ఉత్తర అమెరికా చర్చిలది. ఆ దేశంలో తల్లి బడి ఫీజు కట్టలేక బిడ్డను వదులుకుంటుంటే, ఆ బిడ్డను విడిగా ఉంచడానికి ఫీజుకు ఎన్నో రెట్లు ఖర్చవుతోంది.

ఇంతకూ ఇంటికి దూరంగా ఉంటే మాత్రం ఏమైంది, తిండి బట్ట అందుతున్నాయి కదా అన్న ప్రశ్న సహజం. దీనికి రుమేనియా జవాబు చెప్పింది. ఆ దేశ నియంత చౌషెస్కూ 1966లో గర్భస్రావాన్ని నిషేధించాడు. పేదరికం, సంతానం కలిసి పెరిగాయి, సర్కారు గృహాలు నిండిపోయాయి. 1989లో అతను కూలేనాటికి లక్షకు పైగా పిల్లలు వాటిలో ఉన్నారు. టీవీల్లో ఆ దృశ్యాలు చూసి పాశ్చాత్య దేశాల చర్చిలెన్నో బట్టలు, మందులు పట్టుకుని లారీల్లో కదిలాయి. 2000లో చార్లెస్ నెల్సన్, నేథన్ ఫాక్స్, చార్లెస్ జీనా అనే ముగ్గురు శాస్త్రవేత్తలు బుకారెస్ట్‌లోని ఆరు గృహాల నుంచి సుమారు రెండున్నరేళ్ల లోపు పిల్లల్ని 136 మందిని తీసుకుని, చీటీ వేసినట్టుగా సగం మందిని పెంపుడు కుటుంబాల్లో పెట్టారు. మిగతా సగం ఉన్నచోటే ఉన్నారు. వాళ్లలో ఎవరినైనా ప్రభుత్వం తర్వాత వేరేచోటికి మార్చదలిస్తే పరిశోధకులు అడ్డు చెప్పలేదు. నాలుగున్నరేళ్ల వయసుకు గృహాల్లో ఉండిపోయిన పిల్లల ప్రజ్ఞాలబ్ధి సగటు 73 దగ్గర, కుటుంబాల్లోకి వెళ్లినవాళ్లది 81 దగ్గర తేలింది. సొంత ఇంట్లో పెరిగిన పిల్లలది 109. రెండేళ్లు నిండకముందే కుటుంబంలోకి వెళ్లినవాళ్లు ఎక్కువ కోలుకున్నారు. కుటుంబాలకు అప్పగించిన పిల్లలు వారసత్వంలో మెరుగైనవాళ్లు అనడానికి వీల్లేదు, ఎంపిక చీటీతో జరిగింది. తేడా తెచ్చింది రోజూ ఒకే మనిషి ఎత్తుకోవడం, ఒకే గొంతు పలకరించడం. షిఫ్టుల్లో మారే ఆయా ఎంత మంచిదైనా దాన్ని ఇవ్వలేదు.

స్వల్పకాల మిషన్ యాత్రలు ఈ గాయాన్నే కెలుకుతాయి. వేసవి సెలవుల్లో యువత పదిరోజులకు వస్తారు, పాటలు నేర్పుతారు, గోడలకు రంగు వేస్తారు, పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని ఫోటో దిగుతారు. చూసిన మొదటి నిమిషంలోనే పిల్లలు పరుగెత్తుకొచ్చి మెడకు చుట్టుకున్నారని ఇంటికెళ్లి కళ్లనీళ్లతో సాక్ష్యం చెబుతారు. ఇంట్లో పెరిగిన మూడేళ్ల పిల్ల కొత్తవాళ్లను చూస్తే తల్లి కొంగు చాటుకు పోతుంది. కొత్తా పాతా తేడా లేకుండా ఎవరికైనా అంటుకుపోవడం గృహాల్లో పెరిగిన పిల్లల్లో మనస్తత్వ శాస్త్రవేత్తలు పదేపదే గమనించిన లక్షణం. బుకారెస్ట్ పరిశోధకులూ దాన్ని నమోదు చేశారు. ప్రేమ అని అతిథి అనుకున్నది లేమి. పదకొండో రోజు ఆ అతిథి విమానమెక్కుతాడు, నెల తిరక్కుండా ఇంకో జట్టు దిగుతుంది. కంబోడియాలో ఫ్రెండ్స్ ఇంటర్నేషనల్ సంస్థ 2011లో, పిల్లలు పర్యాటక ఆకర్షణలు కారంటూ ప్రచారం మొదలుపెట్టింది ఇందుకే. ఏ ఇంగ్లండు బడీ, ఏ అమెరికా బడీ గేటు దగ్గరికొచ్చిన విదేశీ టూరిస్టును పిల్లల పడక గదుల్లోకి రానివ్వదు. పేద దేశపు పిల్లల విషయంలో ఈ మాత్రం జాగ్రత్త ఎందుకు అక్కర్లేకపోయిందో సంఘాలు తమను తాము ప్రశ్నించుకోవాలి.

ఇక్కడ ఎదురయ్యే బలమైన ఆక్షేపణ ఒకటుంది, దాన్ని దాటవేస్తే వాదన నిలవదు. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయం పరిశోధకులు కంబోడియా, ఇథియోపియా, కెన్యా, టాంజానియా, భారత్‌లలో తల్లినో తండ్రినో పోగొట్టుకున్న, లేదా తల్లిదండ్రులు వదిలేసిన 6 నుంచి 12 ఏళ్ల పిల్లల్ని పరిశీలించారు. మన దేశంలో వాళ్లు ఎంచుకున్న చోట్లలో హైదరాబాద్ ఒకటి. గృహాల్లో ఉన్నవాళ్లు 1,357 మంది, ఊళ్లలో బంధువుల దగ్గరో మిగిలిన తల్లి దగ్గరో ఉన్నవాళ్లు 1,480 మంది. 2009లో అచ్చయిన ఫలితాల్లో, ఆరోగ్యంలో, ఎదుగుదలలో, నేర్చుకోవడంలో గృహాల పిల్లలు ఏమీ వెనకబడి లేరు. కన్న తల్లో తండ్రో కాక ఇతరుల దగ్గర పెరుగుతున్న పిల్లల కన్నా మొత్తమ్మీద మెరుగ్గా ఉన్నారు. ఆశ్రమాలన్నీ పిల్లల్ని చెడగొడతాయి అనేవాళ్లకు ఇది చెంపపెట్టే, నేనూ ఆ మాట అనను. కానీ ఆ అధ్యయనం దేన్ని దేనితో పోల్చిందో చూడాలి. దాతల డబ్బు అందే గృహాన్ని, మామూలు పేద ఇంటితో పోల్చింది. అదే డబ్బు ఆ ఇంటికి అందితే పిల్ల ఎలా ఉండేదన్న ప్రశ్నకు అందులో జవాబు లేదు. పైగా ఆరేళ్లు దాటిన పిల్లల సంగతి అది. బుకారెస్ట్ చూపింది పసిబిడ్డల సంగతి. రెండూ కలిపి చదివితే తేలేది ఒకటే. పసితనంలో గృహం హాని చేస్తుంది. పెద్దయ్యాక మంచి గృహం హాని చెయ్యకపోవచ్చు, అయినా పేదరికానికి మందుగా అది చాలా ఖరీదైనది. టాంజానియాలోని కగేరా ప్రాంతంలో గృహంలో ఒక్కో బిడ్డకు ఏడాదికి వెయ్యి డాలర్లకు పైగా అయిందని, పెంపుడు కుటుంబానికి ఇచ్చే సాయానికి అది దాదాపు ఆరు రెట్లని 1990లలోనే ప్రపంచ బ్యాంకు లెక్క తేల్చింది.

డబ్బు పంపే దేశాలు తమ సొంత పిల్లల విషయంలో ఈ పాఠం ఎప్పుడో నేర్చుకున్నాయి. ఆశ్రమ పరిచర్యకు ఆదిపురుషుడిగా క్రైస్తవులు తలచుకునే జార్జ్ ముల్లర్ 1836లో బ్రిస్టల్‌లో మొదటి ఇల్లు తెరిచాడు. ఎవరినీ చెయ్యి చాచి అడగకుండా పదివేల మంది పిల్లల్ని పెంచాడని ఆయన కథ తెలుగు సంఘాల్లోనూ ప్రసిద్ధం. ప్రసంగాల్లో అంతగా వినిపించని వివరం ఒకటుంది. తల్లీ తండ్రీ ఇద్దరూ చనిపోయిన పిల్లల్నే ఆయన చేర్చుకునేవాడు, అందుకు రుజువు అడిగేవాడు. ఆ తర్వాతి తరంలో లండన్‌లో ఆశ్రమాలు నడిపిన బర్నార్డో ఆ గీత చెరిపేశాడు. తల్లిదండ్రులున్న పిల్లల్ని కూడా వాళ్ల మేలు కోసమే ఎత్తుకొచ్చానని బాహాటంగా ఒప్పుకుని కోర్టుల చుట్టూ తిరిగాడు. ఆయన సంస్థా, అలాంటివి మరికొన్నీ కలిసి లక్షమంది దాకా పిల్లల్ని ఓడలెక్కించి కెనడా పొలాలకు పంపాయి. అమెరికాలో 1909లో అధ్యక్షుడు థియొడోర్ రూజ్వెల్ట్ పిలిచిన సదస్సు, పేదరికం ఒక్కటే కారణంగా బిడ్డను ఇంటి నుంచి విడదీయకూడదని తీర్మానించింది. రెండేళ్లకు ఇలినాయ్ రాష్ట్రం భర్త లేని తల్లులకు పింఛను చట్టం చేసింది. 1920 నాటికి 40 రాష్ట్రాలు అదే బాట పట్టాయి. ఆశ్రమాల్లో పెరిగిన దాదాపు ఐదు లక్షల మందికి ఆస్ట్రేలియా ప్రధాని 2009లో పార్లమెంటు భవనంలో క్షమాపణ చెప్పాడు. వాటిలో చర్చిలు నడిపినవి ఎన్నో ఉన్నాయి. ఆ అనుభవమున్న దేశమే 2018లో ఆధునిక బానిసత్వ చట్టం తెచ్చినప్పుడు, ఆశ్రమాలు నింపడానికి పిల్లల్ని తరలించడాన్ని ఆ బానిసత్వ రూపాల్లో ఒకటిగా గుర్తించింది. తమ గడ్డ మీద మూసేసినదాన్ని పరాయి గడ్డ మీద కట్టడం ఏ లెక్కన సేవ అవుతుందో నాకు అంతుపట్టదు.

తెలుగు పాఠకుడు ఇక్కడ ఇంకో అభ్యంతరం చెప్పవచ్చు, అది న్యాయమైనదే. గుంటూరు, ఒంగోలు, మెదక్ ప్రాంతాల్లో మిషన్లు పెట్టిన బోర్డింగ్ స్కూళ్లు లేకపోతే, ఊరి బడి అరుగు కూడా ఎక్కనివ్వని మాల, మాదిగ పిల్లలు చదువుకునేవారా? ఈనాటికీ సాంఘిక సంక్షేమ హాస్టళ్లలో, గురుకులాల్లో లక్షల మంది మన పిల్లలు చదువుతున్నారు కదా, ఇంటికి దూరంగా ఉండడమే తప్పయితే అవన్నీ మూసెయ్యాలా? మూసెయ్యక్కర్లేదు. హాస్టల్‌కూ అనాథాశ్రమానికీ మంచాలు, గంటలు, పప్పు చారు ఒకటే కావచ్చు. తేడా తల్లి స్థానంలో ఉంది. హాస్టల్ రిజిస్టర్‌లో తండ్రి పేరు ఉంటుంది. సంక్రాంతికి పిల్ల ఇంటికొస్తుంది. నచ్చకపోతే అమ్మ వచ్చి పెట్టె సర్దించి తీసుకుపోతుంది, ఆపే హక్కు వార్డెన్‌కు లేదు. అనాథాశ్రమం ఆ తల్లిని కాగితం మీద చంపేస్తుంది, లేదా స్పాన్సర్‌కు రాసే ఉత్తరంలో కనపడకుండా దాచేస్తుంది. కంబోడియా తల్లిదండ్రులు కోరుకున్నది ఇలాంటి హాస్టల్నే; చదువు కోసమే పంపామని 2011 అధ్యయనంలో చెప్పారు. వాళ్ల ఊరికి మంచి బడి వచ్చి ఉంటే, లేదా బడి దగ్గర బస దొరికి ఉంటే, అనాథలన్న ముద్ర లేకుండానే ఆ పిల్లలు చదువుకునేవాళ్లు. అయితే హాస్టల్ పిల్లవాడి ఫోటోకు విదేశంలో అంత విరాళం రాదు. ఇదే చిక్కు.

మతం మాటకొస్తే, మన దేశంలో ఈ చర్చ వెంటనే మతమార్పిడి దగ్గరికి పోతుంది. కంబోడియాలో నూటికి తొంభై మందికి పైగా బౌద్ధులు. క్రైస్తవ గృహాల్లో చేరిన పిల్లలు రోజూ ప్రార్థనల్లో, ఆరాధనల్లో పాల్గొంటారు. ఇంటి అండ లేని బిడ్డను చూసుకునేటప్పుడు ఆ బిడ్డ పుట్టిపెరిగిన మత, సాంస్కృతిక, భాషా నేపథ్యాన్ని గౌరవించాలని ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 20వ అధికరణం చెబుతోంది. తిండీ పడకా ఎవరి చేతిలో ఉన్నాయో వాళ్ల విశ్వాసాన్ని ఏడేళ్ల పిల్ల ఒప్పుకుంటే అది ఒప్పుదల అనిపించుకోదు. నిష్ఠగల క్రైస్తవుడికే అది ముందు ఇబ్బంది కలిగించాలి. అలాగని విశ్వాసంతో పనిచేసేవాళ్లను తరిమేస్తే పిల్లలకు ఒరిగేదేమీ లేదు. వాళ్ల గ్రంథమే వాళ్లకు మెరుగైన దారి చూపిస్తోందని నా ఉద్దేశం. ఈ పరిచర్యకు ఆధారంగా చూపే యాకోబు పత్రికలోని మాట అనాథల్ని, విధవరాండ్రను ఒక్క ఊపిరిలో కలిపి చెబుతుంది. ఆ జంట అక్కడ యాదృచ్ఛికంగా వచ్చింది కాదు. భర్త పోయిన తల్లి, తండ్రి పోయిన బిడ్డ ఒకే ఇంట్లో ఉంటారు. ద్వితీయోపదేశకాండము కోత కోసిన పొలంలో మర్చిపోయిన పనను తిరిగి తెచ్చుకోవద్దంటుంది, అది వాళ్ల కోసమని. రూతు అలా పరిగె ఏరుకుని, ఆ గింజలు అత్త నయోమి దగ్గరికి తీసుకుపోయింది. సాయం అందాక ఆమె ఇంటికే వెళ్లింది. దాతలు ఆ జంటలో బిడ్డను తీసుకుని తల్లిని బయట వదిలేశారు.

నిజంగానే ఎవరూ లేని పిల్లల మాటేమిటి, తాగి కొట్టే తండ్రి ఇంటికి బిడ్డను పంపుతారా అని అడిగేవాళ్లున్నారు. పంపకూడదు. కొందరు పిల్లలకు ఇల్లే ప్రమాదం, వాళ్లకు వెంటనే తలదాచుకునే చోటు కావాలి. 2009లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన ప్రత్యామ్నాయ సంరక్షణ మార్గదర్శకాలు గృహాలను పూర్తిగా కొట్టిపారెయ్యలేదు. మూడేళ్ల లోపు పిల్లల్ని కుటుంబ వాతావరణంలోనే ఉంచాలని, మిగతావాళ్లకు గృహం అవసరమైనంత మేరకే ఉండాలని అన్నాయి. బంధువులు, వాళ్లు లేకపోతే శిక్షణ పొందిన పెంపుడు కుటుంబం, దత్తత, ఇవేవీ కుదరనప్పుడే చిన్న గృహం. ఇది కాగితం మీది ఆదర్శం కాదు. కంబోడియాలో 2006లో మొదలైన క్రైస్తవ సంస్థ చిల్డ్రన్ ఇన్ ఫ్యామిలీస్, అక్కడి కుటుంబాలనే పెంపకానికి సిద్ధం చేస్తుంది. ఉగాండాలో కాథలిక్ సన్యాసినులు 2016లో కాథలిక్ కేర్ ఫర్ చిల్డ్రన్ అనే ఉద్యమం మొదలుపెట్టారు. దశాబ్దాలుగా తామే నడిపిన గృహాల నుంచి పిల్లల్ని ఇళ్లకు చేర్చడం, ఆ గృహాలను ఇతర సేవలకు మార్చడం ఆ సిస్టర్ల పని. 33 గృహాల్లో 3,323 మంది పిల్లలున్నారని 2012లో లెక్క తేల్చిన రువాండా, మారణహోమం జరిగి ఇరవై ఏళ్లు కూడా నిండని దేశం, వాటిని దశలవారీగా మూసేందుకు పూనుకుంది. అంత చావు చూసిన సమాజంలో పరాయి బిడ్డను పెంచడానికి ఇళ్లు దొరికినప్పుడు, పెంచేవాళ్లెవరూ లేరు కాబట్టే ఆశ్రమం పెట్టామనే మాట ఒకసారి పరీక్షకు నిలబడాలి.

తొందరపడి మూస్తే మాత్రం ఇంకో హాని. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు కొన్ని దేశాల్లో పిల్లల్ని రాత్రికి రాత్రే ఇళ్లకు పంపించేశారు. ఇంట్లో ఏముందో చూసినవాడు లేడు, పంపాక అడిగినవాడూ లేడు. సరిగ్గా చేస్తే ఇది నెలల పని. ఊరు వెతకాలి, తల్లి ఎందుకు పంపిందో తెలుసుకోవాలి, బిడ్డ మాట వినాలి, సెలవులకు పంపి చూడాలి, ఫీజుకూ మేకలకూ కుట్టుమిషన్‌కూ సాయం చెయ్యాలి, తర్వాత రెండుమూడేళ్లు వెళ్లి చూస్తుండాలి. దీనికి కావలసింది సోషల్ వర్కర్లు, వాళ్ల జీతాలు, మోటార్‌సైకిల్ పెట్రోలు. భవనానికైతే దాత పేరుతో శిలాఫలకం వేస్తారు. జీతానికి ఫలకం ఉండదు కాబట్టి ఆ పద్దుకు విరాళాలు రావు. ఆస్ట్రేలియా పెంతెకొస్తు సంఘాల సహాయ విభాగం నడిపే కినెక్టెడ్ కార్యక్రమం వాళ్లు శ్రమ పడేది పేద దేశంలోని ఆశ్రమాల డైరెక్టర్లను ఒప్పించడానికే కాదు. స్వదేశంలోని దాతలు కానుక ఆపెయ్యకుండా, అదే సొమ్మును కుటుంబాలకు మళ్లించేలా చూడడానికి కూడా.

తెలుగు నేలకు ఇది పరాయి గొడవ కాదు. డాలస్‌లోనో దుబాయ్‌లోనో స్థిరపడిన మన విశ్వాసులు సొంత జిల్లాల్లోని హోమ్‌లకు కానుకలు పంపుతూనే ఉన్నారు. 2015 బాలల న్యాయ చట్టం ప్రకారం ఏ గృహమైనా నమోదు చేసుకోవాలి. 2017 మే 5న సుప్రీంకోర్టు ఆ ఏడాది చివరికల్లా అన్నీ నమోదు కావాలని గడువు పెట్టింది. అదే చట్టం గృహాల ప్రధాన లక్ష్యం బిడ్డను తిరిగి కుటుంబానికి చేర్చడమేనంటోంది. భర్త చనిపోయిన, లేదా వదిలేసిన తల్లి బిడ్డను తన దగ్గరే ఉంచుకుని పెంచుకోవడానికి కేంద్రం, రాష్ట్రాలు కలిసి మిషన్ వాత్సల్య కింద అర్హులకు నెలకు 4,000 రూపాయలు ఇస్తున్నాయి. ఈ పథకానికి దరఖాస్తు నింపడం తెలియని తల్లులు ఎందరో. ఆ పని చేసిపెట్టే వాలంటీర్‌ను ఒక సంఘం పెట్టుకుంటే ఒక హోమ్ కట్టడం కన్నా ఎక్కువమంది పిల్లలు ఇంట్లో ఉండగలుగుతారు. ఇప్పటికే ఉన్న హోమ్‌కు పంపేవాళ్లు కూడా కొన్ని సంగతులు అడగవచ్చు. పిల్లల్లో ఎందరికి తల్లి ఉంది, ఆమె ఎంత తరచుగా వచ్చి చూసిపోతుంది, నిరుడు ఎందరు ఇంటికి తిరిగి వెళ్లారు, ఒక్కో బిడ్డను జిల్లా బాలల సంక్షేమ కమిటీ ఏ ఉత్తర్వు మీద చేర్చింది? పాస్టరుగారిని ఇవి అడిగితే నొచ్చుకుంటారేమోనని చాలామంది ఊరుకుంటారు. ఈ వివరాలన్నీ చట్టప్రకారం ఆయన దగ్గర ఒక్కో బిడ్డ ఫైల్లో ఉండాల్సినవే.